డాక్టరుగారితో తెలుగులోనే మాట్లాడదాం

ఢిల్లీ కరోల్ బాగ్‌లో చలి బాగా ముదిరిందండీ. ఇలాంటి సాయంత్రాలు రజాయి కప్పుకుని కూర్చుంటే కబుర్లకేం కొదవ! ఈమధ్య నలుగురు తెలుగువాళ్ళం ఎక్కడ కలిసినా మాట తిరిగి తిరిగి షుగరు దగ్గరికే వస్తోంది. "పరగడుపున ఎంతొచ్చింది?" అని అడిగాకే మిగతా కుశల ప్రశ్నలు. ఇందులో ఆశ్చర్యమేముంది లెండి. 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకారం మన దేశంలో షుగరున్నవాళ్ళు పది కోట్ల పైమాటే.

మా పేటకు తెలుగు కొత్త కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు 1948లో మొదలుపెట్టిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ వారి బడి పక్కనే ప్రసాద్ నగర్‌లో ఉంది. ఇటు పక్క ఓల్డ్ రాజేంద్ర నగర్ నిండా సివిల్స్ కోచింగుకొచ్చిన పిల్లలు. వాళ్ళకు వండిపెట్టడానికి ఊళ్ళనుంచి వచ్చిన అమ్మలు, ఉద్యోగం చేసుకుంటున్న కొడుకు దగ్గరికి చేరిన నాన్నలు కూడా ఉన్నారు. పెద్దాసుపత్రులు కూతవేటు దూరంలోనే ఉన్నాయి. డాక్టరు ఫోన్లో కూడా దొరుకుతున్నారు. కానీ హిందీ రాని పెద్దవాళ్ళకు ఆ ఫోను ఎంతవరకు అక్కరకొస్తోందో మీరే చూడండి.

మొన్న మా పక్కింటి పిన్నిగారి వీడియో కాల్ జరుగుతుంటే నేనూ అక్కడే ఉన్నాను. డాక్టరుగారు హిందీలో అడుగుతుంటే కొడుకు తెలుగులో చెబుతున్నాడు. అరికాళ్ళు ఎలా మండుతున్నాయో, రాత్రిళ్ళు నిద్రపట్టక చన్నీళ్ళలో పాదాలు ఎలా పెట్టుకుంటున్నారో ఆవిడ వివరంగా చెప్పుకొచ్చారు. కొడుకు దాన్నంతా "కాళ్ళు నొప్పులట" అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. పాపం, ఆఫీసు మధ్యలో లేచొచ్చిన పిల్లాడు. అరికాళ్ళ మంటంటే నరాలు దెబ్బతింటున్నాయేమో చూడాలని అతనికెలా తెలుస్తుంది? కాల్ అయ్యాక పిన్నిగారు నన్ను వంటింట్లోకి పిలిచి అసలు బాధ చెప్పారు. మూత్రంలో మంట, దురద. "మగపిల్లాడి ముందు ఎలా చెప్పనే?" అన్నారు. షుగరుకిచ్చే మాత్రల్లో గ్లిఫ్లోజిన్ల రకం వాడేవాళ్ళకు అలాంటి ఇన్‌ఫెక్షన్లు ఎక్కువగా వస్తాయి. అది డాక్టరు చెవిన పడితీరాల్సిన మాట. కొడుకు మధ్యలో ఉన్నాడని అది వంటింట్లోనే ఆగిపోయింది.

ఇన్సులిన్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. మన దేశంలో సీసాలు రెండు రకాలు. ఒకదాంట్లో మిల్లీలీటరుకు 40 యూనిట్లుంటే, రెండోదాంట్లో 100. దేని సిరంజి దానికే ఉంటుంది. మామూలుగా ఎర్ర మూతది 40కి, నారింజ మూతది 100కి. 100 రకం మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 50 యూనిట్లు! చెమటలు పట్టి, వణుకొచ్చి, మనిషి పడిపోవచ్చు. "ఇరవై" అన్న మాట రెండు వైపులా సరిగ్గానే వినబడుతుంది, ప్రమాదం మాత్రం జరిగిపోతుంది. అందుకే సీసా, సిరంజి రెండూ కెమెరా ముందు పెట్టి, "ఇవేనా అండీ?" అని వచ్చిన భాషలో అడగగలగాలి.

తిండి మాటకొస్తే, "అన్నం తగ్గించండి" అంటే మనవాళ్ళు "సరే" అనేస్తారు. పప్పన్నం, కూరన్నం, చివర పెరుగన్నం అని విస్తట్లో అన్నం ఎన్నిసార్లు పడుతుందో తెలిసిన డాక్టరైతే అక్కడే పట్టుకుని అడుగుతారు.

నిజానికి ఫోను వైద్యం మనకు పరాయిది కాదు. 2000 మార్చిలో చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో వాళ్ళ గ్రామీణ టెలిమెడిసిన్ కేంద్రాన్ని ప్రారంభించింది అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్. అప్పుడు కావలసింది దూరం తగ్గించడం. ఇప్పుడు భాష అడ్డం తొలగాలి. అందుకు దారి చట్టంలోనే ఉంది, చాలామందికి తెలియదంతే. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం నమోదైన డాక్టరు దేశంలో ఏ మూలనున్న రోగినైనా చూడొచ్చు. అంటే గుంటూరు డాక్టరుగారు కరోల్ బాగ్‌లో ఉన్న పిన్నిగారికి వైద్యం చెయ్యొచ్చన్నమాట. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఒకసారి నేరుగా చూపించుకుంటే, అదే జబ్బుకు ఆర్నెల్లలోపు చేసే కాల్ ఫాలో-అప్ కిందికొస్తుంది. పాత మందులు కొనసాగించడమే కాదు, మెట్‌ఫార్మిన్‌కు తోడు సిటాగ్లిప్టిన్ లాంటిది కలపడానికీ వీలుంది.

అందరికీ ఊళ్ళో తెలిసిన డాక్టరుండరు కదా, అంటారేమో. నిజమే, అక్కడ సర్కారు పూనుకోవాలి. 2022 అక్టోబరులో మొదలైన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేస్తే మన భాష ఎంచుకోవచ్చు. ఇరవై భాషల్లో ఆ సేవ నడుస్తోంది. మనసు బాధకు ఇచ్చిన వీలు షుగరుకెందుకివ్వరు? సర్కారువారి ఫోను వైద్య సేవ ఈ-సంజీవనిలో రోగి ఏ రాష్ట్రంలో కూర్చున్నా "నాకు తెలుగు డాక్టరు కావాలి" అని నొక్కే మీట ఉండాలి. ఆస్ట్రేలియాలో డాక్టర్లకు ఫోన్లో దుభాషీలను సర్కారే సమకూరుస్తోంది. అమెరికాలో స్పానిష్ మాట్లాడే షుగరు రోగులు తమ భాష వచ్చిన డాక్టరుకు మారాక, షుగరు అదుపులో ఉన్నవాళ్ళ సంఖ్య పెరిగిందని 2017లో ఒక అధ్యయనం చూపించింది. ఇది ముచ్చట కోసం అడిగే సౌకర్యం కాదండీ, వైద్యంలో భాగమే.

అంతదాకా మనం చెయ్యగలిగింది మనం చేద్దాం. కాల్‌కు ముందే ఒక కాగితం మీద పరగడుపు, తిన్న తర్వాత అంకెలు, మూడు నెలల సగటు, వాడే మందుల పేర్లు, అన్నిటికన్నా ముఖ్యమైన బాధ రాసిపెట్టండి. మధ్యలో మాట్లాడేవాళ్ళు చెప్పింది చెప్పినట్టు చెప్పాలి, తగ్గించొద్దు. ఆడవాళ్ళ కాల్‌కు వీలైతే ఆడమనిషినే కూర్చోబెట్టండి. పాదాలు, కళ్ళు మాత్రం ఫోన్లో తేలేవి కావు, ఏడాదికోసారి నేరుగా చూపించాల్సిందే. మీకు హిందీ వచ్చి, పక్కింట్లో రాని పెద్దావిడ ఉంటే, ఈ వారమే వెళ్ళి, డాక్టరు కాల్‌కు తోడు కూర్చోనా అని అడగండి. చివరగా, ఫోను పెట్టేసే ముందు ఏ మాత్ర ఎప్పుడు, ఎంత అన్నది ఆవిడ చేతే చెప్పించి, డాక్టరుగారు "సరే" అన్నాకే పెట్టెయ్యండి.