పలుకని బిడ్డ, వినే తల్లి

ధవళేశ్వరం జనార్దనస్వామి సన్నిధిలో హారతి గంట మ్రోగగానే ఒక తల్లి తన ఆరేళ్ల కుమారుని చెవులు అరచేతులతో మూస్తుంది. భక్తులకు మంగళప్రదమైన ఆ నాదం ఆ శిశువుకు దుస్సహం. ‘పూర్వజన్మ పాపఫలం’ అన్న బంధువుల మాట ఆమెకు అంతకన్న దుస్సహం.

ఆటిజం పాపఫలం కాదు, పెంపక దోషమూ కాదు; మెదడు వికాసంలోని భిన్నత్వం. 1943లో లియో కానర్ దీనిని వర్ణించిన పిమ్మట, తల్లి ప్రేమరాహిత్యమే కారణమని కొందరు పాశ్చాత్య వైద్యులు నిందించారు. తదుపరి పరిశోధన ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. మన 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజమును గుర్తించినది.

శంకరవిజయ గాథలో ప్రభాకరుడు పలుకని కుమారుని ఆచార్యుల పాదాల చెంత ఉంచాడు. ఆ బాలుడే హస్తామలకుడు. అది విని ఈ తల్లి కూడా అద్భుతానికై ఎదురుచూచినది. కుమారుడు పలుకలేదు. క్రమంగా ఆమె బొమ్మ చూపి నీరు అడగడం నేర్పినది. గోదావరిని చూచి అతడు చేతులాడిస్తే అది ఆనందమని గ్రహించినది.

సర్వభూతాలలో ఈశ్వరుని దర్శించుమని శాస్త్రాదేశం. అట్టి బిడ్డ సన్నిధికి వచ్చినప్పుడు గంటను ఒక్క క్షణం ఆపుటయు అర్చనయే.