మూడూళ్ల వార్డులు

ఓరుగల్లు జిల్లా యొక్కటిగా నున్నపుడు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి దానిలోని యూళ్లే. 2016 అక్టోబరు 11వ తేదిని మూడును వేర్వేరు జిల్లాలకు ముఖ్యపట్టణములయ్యెను. జిల్లా మారినందున ఇల్లాలికి గలిగిన మార్పు స్వల్పమే. ఆమె వీధి యే వార్డున బడునన్నది అంతకన్న దగ్గరి మాట. 2019లో క్రొత్త పురపాలక చట్టము వచ్చి, వార్డుల హద్దులు మరల గీసిరి. జనగామకు 30, మహబూబాబాదునకు 36, భూపాలపల్లికి 30 వార్డు లేర్పడెను. రాష్ట్రమున పలు తావులనుండి వ్యాజ్యములు హైకోర్టునకు జేరుటచే, పెక్కు పాతసభల గడువు 2019 జూలైలో దీరినను, పోలింగు 2020 జనవరి 22 వరకు జాగయ్యెను. ఆ దినములలోనే మేమీ మూడూళ్లు చూచివచ్చితిమి.

జనగామకు మేము పోయినది చేరువనున్న పెంబర్తిలో ఇత్తడిపని చూచు కోరికతో. ఆ పని చూచి ఊరిలోనికి వచ్చిన పిమ్మట నొక సందులో అత్తాకోడండ్రు కనబడిరి. సందున కీవల అత్తగారిల్లు, ఆవల వేరుపడిన కోడలిల్లు. క్రొత్త హద్దు నడుమనే పోయినదట. "పొయ్యిలు ఎన్నడో ఏరువడ్డయి, గిప్పుడు ఓట్లు గూడ ఏరువడ్డయి" అని పెద్దామె నవ్వెను.

మహబూబాబాదును జనులిప్పటికిని మానుకోట యనియే పిలుతురు. అచట మాకు నవ్వు రాలేదు. చట్టముచే సగము వార్డులు స్త్రీలవి. ఏ వార్డు లన్నది చీటీలు తీసి తేల్తురు. తాను నిలువదలచిన వార్డు స్త్రీలకు బోయినచో మగవాడు భార్యచే నామినేషను వేయించును. అట్టి యొక యూరేగింపును జూచితిమి: దండములు పెట్టుచు ముందు నడచినది ఆయన; ఆమె వెనుక చెంగు సవరించుకొనుచు వచ్చుచుండెను. కాగితములలో బొమ్మ సైత మాయనదే పెద్దది. ఇది సగమైన లెక్కయేనా యని మాకు దోచెను.

ఆ యూరనే పొదుపు సంఘము నడుపు నొకామెను గలిసితిమి. ఆఫీసు చుట్టు పలుమారులు దిరిగి రెండు వీధులకు మురికికాలువ తెప్పించిన మనిషి. ఆమె వార్డు స్త్రీలకే వచ్చినది గాని, ఆ వీధులలో నొకటి పొరుగు వార్డునకు బోయినది. మేలెరిగిన యిండ్లు సగము చేజారెను. అయినను ఆ వీధి యాడువారు కాలువ నిండినపు డామెనే పిలుచుచున్నారు. "నీళ్లకు వార్డు తెల్వదు గద" యని యామె పోవుచునే యున్నది.

భూపాలపల్లికి రైలు లేదు. హనుమకొండనుండి పరకాల మీదుగ బస్సున బోతిమి. మేడారము జాతర ఫిబ్రవరి 5న మొదలు కావలసి యుండెను గాన, ముందుగ మ్రొక్కు దీర్చుకొనువారి బెల్లపు మూటలు కాళ్ల క్రింద నడ్డుపడెను. ఊరి బ్రదుకంతయు సింగరేణి బొగ్గుగనులది. కొలువు ముగిసిన క్వార్టరు విడువవలెను. కావున నిచటి ఓటర్ల జాబితా తరచు మారును. ఆనాడు ఓటు యంత్రములు గావు, కాగితపు బ్యాలెట్లే. వరుసలో నున్న స్త్రీలు పలువురు తాము చైర్‌పర్సనును గూడ ఎన్నుకొందు మనుకొనిరి. కాదు, వారి నెన్నుకొనువారు వార్డు సభ్యులు, వారితోబాటు ఎమ్మెల్యే మొదలగువారు. ఆ యెన్నిక 27న జరిగెను.

ప్రొద్దుటనే వచ్చిన యొక యిల్లాలిని, ఇంత తొందర యేల యని యడిగితిమి. "మా ఆయన రాత్రి షిఫ్టు దిగి పండుకున్నడు. లేచి ఎవరికేయాల్నో చెప్పేలోగ ఏసి పోతా" ననెను. వెనుక నున్నవా రామెకు దారి యిచ్చిరి.