అమ్మాయి చుబుకం, మా తొందర

గత సంవత్సరం షాబాన్ మాసంలో మా రెండవ అమ్మాయిని చూడటానికి ఒక కుటుంబం వచ్చి వెళ్ళింది. చాయ్ తాగారు, అమ్మాయి చదువును మెచ్చుకున్నారు, ధర్మం పట్ల ఆమెకున్న శ్రద్ధను అడిగి తెలుసుకున్నారు. మూడు రోజుల తర్వాత మధ్యవర్తిగా ఉన్న ఖాలా ఫోన్ చేసి, "అంతా బాగానే ఉందట గానీ, పక్కనుంచి చూస్తే పిల్లకు గడ్డమే లేనట్టుందట" అని చెప్పారు. అదే మాట అంతకుముందు కూడా ఒకసారి విని ఉన్నాము. ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత మేమిద్దరం చాలాసేపు మాటల్లేకుండా కూర్చుండిపోయాము.

ఆ ముఖం మా ఇంటికి కొత్తది కాదు. అమ్మాయి నానీ గారిదీ అదే పోలిక. కింది దవడ కొంత వెనక్కి తగ్గి, పెదవి కింది నుంచి మెడ దాకా ఒకే వాలుగా ఉండేది. మా పెద్దబ్బాయికీ అదే వచ్చింది గానీ, సున్నత్ ప్రకారం పెంచిన గడ్డం ఆ లోటును కప్పేసింది. తెలుగులో చుబుకాన్నీ, దానిపై పెరిగే వెంట్రుకలనూ గడ్డమనే అంటారు. ఆ సదుపాయం మగపిల్లలకే దక్కిందని అమ్మాయి ఒకసారి నవ్వుతూ అన్నది. ఆ నవ్వు వెనుక ఏముందో అప్పుడు మేము ఆలోచించలేదు.

బక్రీదు నాటికి మరో సంబంధం వారు వస్తామన్నారు. ఆలోగా ఏదో ఒకటి చేయించాలన్న తొందరలో హైదరాబాదులో ఒక సౌందర్య చికిత్సా వైద్యుణ్ణి కలిశాము. ఆయన అమ్మాయిని అయిదు నిమిషాలు చూసి, సిలికాన్‌తో చేసిన చిన్న దిమ్మెను చుబుకపు ఎముకపై అమర్చితే సరిపోతుందన్నారు. గడ్డం కిందనో, పెదవి లోపలనో చిన్న కోత, సుమారు గంట పని. వద్దనుకుంటే తర్వాత తీసివేయవచ్చు కూడా. మాకు ప్రాణం లేచి వచ్చింది. తేదీ కూడా దాదాపు నిర్ణయించుకున్నాము. అమ్మాయి ఏమీ అనలేదు. మౌనాన్ని అంగీకారమనుకోవడం మాకు అనుకూలంగా తోచింది.

ఊరికి తిరిగి వచ్చాక, మనసులో ఏదో సందేహం మిగిలి మస్జిదు ఇమామ్ గారిని అడిగాము. ఆయన ధర్మసమ్మతమో, నిషిద్ధమో వెంటనే చెబుతారనుకున్నాము. ఆయన మాత్రం, "అమ్మాయికి నమలటంలో, నిద్రలో, మాటలో ఏమైనా ఇబ్బంది ఉన్నదా?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. అప్పుడాయన రెండు హదీసులు గుర్తు చేశారు. అందం కోసం పళ్ళ మధ్య సందులు చేయించుకుని అల్లాహ్ సృష్టిని మార్చే స్త్రీలను శపించిన హదీసు ఒకటి. హజ్రత్ ఇబ్ను మస్ఊద్ (ర) ఉల్లేఖించినది. రెండవది హజ్రత్ అర్‌ఫజా (ర) వృత్తాంతం. కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే దుర్గంధం పుట్టింది. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, దైవప్రవక్త (స) ఆయనను బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. 2007లో మలేషియాలోని పుత్రజాయలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ సమావేశం కూడా ఈ తేడానే ఆధారం చేసుకున్నదని ఆయన వివరించారు. పుట్టుకతో వచ్చిన లోపాన్ని, శరీరానికో మనసుకో హాని కలిగించే వికారాన్ని సరిచేయటం వేరు, కేవలం సింగారం కోసం రూపం మార్చుకోవటం వేరు. "మీ అమ్మాయిది ఇందులో ఏదో ముందు సరైన వైద్యుడు చెప్పాలి. అది తెలియకుండా నేను ఏమీ చెప్పలేను" అన్నారు.

ఇంటికి వచ్చి అడిగితే అమ్మాయి తల వంచుకున్నది. చిన్నది జవాబిచ్చింది. అక్క నోరు తెరుచుకుని నిద్రపోతుందట, గురక పెడుతుందట, రాత్రుళ్ళు గొంతు ఎండిపోయి లేస్తుందట. ఫజ్ర్ తర్వాత ఖుర్ఆన్ చదువుతూ ఆమె కునికిపాట్లు పడినప్పుడల్లా బద్ధకమని మందలించింది మేమే. రంజాన్ నెలలో కూడా మందలించాము.

ఈసారి ముఖ, దవడ శస్త్రచికిత్సలు చేసే దంతవైద్యుణ్ణి ఎంచుకున్నాము. ఆయన పక్కనుంచి ఎక్స్‌రే తీయించారు, పళ్ళ అచ్చులు తీసుకున్నారు, ఒక రాత్రి నిద్ర పరీక్ష చేయించారు. నిద్రలో శ్వాస ఆగే సమస్య స్వల్పంగా ఉన్నదని తేలింది. ఆ తర్వాత ఒక దవడ నమూనాను చేతిలోకి తీసుకుని గంటసేపు ఓపికగా వివరించారు.

సిలికాన్ దిమ్మె ఎముకపై కూర్చుంటుంది, అంతే. చుబుకం ముందుకు కనిపిస్తుంది గానీ లోపల ఏదీ కదలదు. ఎప్పుడైనా చీము పట్టవచ్చు, పక్కకు జరగవచ్చు, ఏళ్ళు గడిచేకొద్దీ దాని కింది ఎముక కొంత అరగవచ్చు. రెండవ మార్గంలో పరాయి దిమ్మె అక్కర లేదు. నోటి లోపల నుంచి కోసి, పళ్ళ వేళ్ళకు దిగువన చుబుకపు ఎముకను అడ్డంగా వేరు చేసి, ముందుకు జరిపి, టైటానియం పలక, మరలతో బిగిస్తారు. నాలుక కండరం ఆ ఎముక లోపలి వైపునే అతుక్కుని ఉంటుంది కనుక అది కూడా ఎముకతో పాటు కొంత ముందుకు వస్తుంది. మూడవది పళ్ళతో సహా కింది దవడనంతా ముందుకు తేవటం. అందుకు ముందుగా ఏడాదికి పైగా పళ్ళకు తీగలు కట్టాలి. కింది పెదవి తిమ్మిరి మిగిలిపోయే అవకాశం కూడా ఇందులోనే ఎక్కువ.

పళ్ళ కలయికలో తేడా కొద్దిగానే ఉన్నందున మూడవదాని అవసరం ఆయనకు కనిపించలేదు. రెండవదానితో గురక తగ్గవచ్చు గానీ, మాట ఇవ్వలేనన్నారు. ఆ మాట ఇవ్వకపోవటమే మాకు ఆయనపై నమ్మకం కలిగించింది.

ఇమామ్ గారు పరీక్షల వివరాలన్నీ విని, అభ్యంతరం లేదన్నారు. అయినా బక్రీదుకు వచ్చేవారి లెక్క మా మనసులోంచి పోలేదు. దిమ్మె అయితే అప్పటికి ముఖం కుదుటపడుతుంది, ఎముక కోస్తే వాపు తగ్గటానికే వారాలు పడుతుంది. ఇది పైకి కూడా అనేశాము. అప్పుడు అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది.

"అబ్బా, వాళ్ళ కోసమైతే నాకు ఏదీ వద్దు. నా నిద్ర కోసమైతే ఆలోచిస్తాను. కానీ తేదీ వాళ్ళను బట్టి పెట్టకండి."

పది రోజులు ఆగాము. ఆమె ఇస్తిఖారా నమాజు చేసుకున్నది, మేమూ చేశాము. ఆ సంబంధం వారిని వేచి ఉండమంటే వారు వేరే చోట చూసుకున్నారు. బక్రీదు తర్వాత ఆపరేషన్ జరిగింది. ఎముకను 7 మిల్లీమీటర్లు ముందుకు జరిపారు.

తర్వాతి రోజులు తేలికగా గడవలేదు. చాలా రోజులు గంజి, పలుచటి ఖిచిడీయే ఆహారం. కింది పెదవికీ చుబుకానికీ స్పర్శ లేదు. వుజూలో నోరు పుక్కిలించేటప్పుడు నీళ్ళు పెదవి మీదుగా కారిపోతున్నా ఆమెకు తెలిసేది కాదు. వాళ్ళ అమ్మీ పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడేది. నాలుగు నెలల్లో స్పర్శ చాలావరకు తిరిగి వచ్చింది. ఎడమ వైపున రూపాయి బిళ్ళంత మేర ఇంకా మొద్దుబారే ఉన్నది.

ఈ మధ్య మరో సంబంధం వచ్చింది. ఆపరేషన్ సంగతి ఎత్తకుండా ఉంటే బాగుండునని మాలో ఒకరికి అనిపించిన మాట నిజం. అమ్మాయి ఒప్పుకోలేదు. "నా పిల్లలకు నానీ ముఖమే రావచ్చు. నిఖాకు ముందే చెప్పండి" అన్నది. చెప్పాము. అబ్బాయి తల్లి శ్రద్ధగా విన్నారు, నొప్పి ఎన్నాళ్ళున్నదని అమ్మాయినే అడిగారు, ఇంట్లో మాట్లాడి చెబుతామన్నారు. జవాబు ఇంకా రాలేదు.

అమ్మాయి ఇప్పుడు ఫజ్ర్ తర్వాత కునికిపాట్లు లేకుండా చదువుకుంటున్నది, అల్‌హమ్దులిల్లాహ్. వెల్లకిలా పడుకున్నప్పుడు మాత్రం కొద్దిగా గురక వస్తోందని చిన్నది చెబుతోంది.