అత్త కాలికి ఉప్పు ప్యాకెట్

మా ఏర్పేడులో మోకాలి నొప్పి ఎవరికొచ్చినా కారణం ఒకటే చెప్పుకుంటారు: గుజ్జు అరిగిపోయింది. మా మేనత్త కూడా అదే అనింది. "గుజ్జు లేదంట్రా. ఇంక కాలు మడవకూడదంట. కూచునేది కుర్చీలోనే, తినేది కుర్చీలోనే." సూది వేసిన ఆయనెవరో చెప్పాడని ఏడాదిగా వాకిలి దాటలేదు. చెనిక్కాయల చేలో పొద్దంతా గొంతుక్కూచుని పనిచేసిన మనిషి!

నేను అప్పుడే తిరుపతిలో ఫిజియోథెరపీ చదువు ముగించుకుని వచ్చాను. ఎక్స్‌రేలో లోపలివైపు ఎముకల మధ్య సందు తగ్గిన మాట నిజమే గానీ, పూర్తిగా పోలేదు. దాన్ని పక్కన పెట్టి, అత్తను మంచం అంచున కూర్చోబెట్టి కాలు చాపమన్నాను. కాలు లేచింది. చివర్లో మాత్రం కొంచెం వంపు మిగిలిపోయింది. మడమ కింద చెయ్యి పెట్టి లేపితే తిన్నగా వచ్చింది, చెయ్యి తీస్తే మళ్ళీ జారింది. అంటే కీలు చాపుకుంటుంది, చాపే కండరంలోనే సత్తువ లేదు. తొడ మీద, చిప్పకు కాస్త పైన లోపలివైపు, గుంట పడి ఉంది.

మోకాలు మడుచుకుని చాపుకోవడమే కాదు, పూర్తిగా చాపుకునే చివరి ఘట్టంలో కింది ఎముక కొద్దిగా బయటికి తిరిగి తలుపు గడియలా పడుతుంది. అందుకే నిటారుగా నిలబడితే తొడ కండరానికి పెద్దగా పనుండదు. మళ్ళీ మడవాలంటే ఆ గడియ తీసేది మోకాలి వెనకుండే పాప్లిటియస్ అనే చిన్న కండరం. డిసెక్షన్ హాల్లో ఫార్మలిన్ ఘాటుకు కళ్ళు మండుతుంటే దానికోసం వెతికాం. పిక్క కండరాలు పక్కకు తప్పిస్తే అడుగున కనబడింది, పల్చగా, ముక్కోణంగా. ఇంత చిన్నదానికి ఇంత పనా అనిపించింది.

అత్త కాలికి గడియ పడేదే కాదు. వంగిన మోకాలితోనే నిలబడేది, తొడ అలిసిపోయేది, చిప్ప మీద ఒత్తిడి పెరిగేది. పైగా కీలులోని మృదులాస్థికి రక్తనాళాలుండవు. కాలు కదులుతూ, బరువు పడి లేస్తూ ఉంటేనే కీలు ద్రవం నుంచి దానికి పోషణ అందుతుంది. ఏడాది పొడుగునా కుర్చీలో కూర్చోబెట్టినది మేలు చేయలేదు.

మోకాలి కింద తుండు చుట్టి పెట్టి, దాన్ని నొక్కిపట్టి పది అంకెలు లెక్కపెట్టమన్నాను. అది కుదిరాక గుడ్డసంచిలో కిలో ఉప్పు ప్యాకెట్ వేసి చీలమండకు కట్టి, కాలు చాపించాను. "ఇదేం వైద్యంరా నాయనా, ఉప్పు కూరలోకి గదా!" బిళ్ళ రాయనివాణ్ణి మా ఊళ్ళో వైద్యుడనుకోరు లెండి. అయినా చేసింది. మెల్లగా వ్యాసాశ్రమం దాకా నడిచి రావడం మొదలుపెట్టింది.

అప్పుడు మొక్కు సంగతి బయటపెట్టింది. అలిపిరి నుంచి కొండెక్కాలి, 3550 మెట్లకూ పసుపు కుంకుమ పెట్టాలి. ఎక్కడం సరే, మెట్టు మెట్టుకూ వంగి లేవడం కుదరదన్నాను. బేరం సాగింది. చివరికి మొదటి మెట్టుకూ, మోకాళ్ళ మిట్ట దగ్గరి మెట్లకూ ఒప్పుకుంది.

సగానికి పైగా మెట్లు గాలిగోపురం లోపే వస్తాయి. మెట్లెక్కేటప్పుడు చిప్ప వెనక పడే ఒత్తిడి మన బరువుకు మూడింతలు దాటుతుంది. ఒళ్ళు కాస్త ముందుకు వంచి ఎక్కమన్నాను, తుంటి కండరాలు కొంత భారం మోస్తాయని. ఆమె గోవిందా అంటూ పోతుంటే, నేను వెనక నడుస్తూ ఆమె మోకాలినే చూస్తున్నా. రామానుజులవారు ఈ కొండకు కాలు తగలకూడదని మోకాళ్ళతో ఎక్కారని చెప్పుకునే చోటు రాగానే, వద్దంటున్నా వినకుండా తుండు మడిచి వేసుకుని కొన్ని మెట్లు మోకాళ్ళతోనే ఎక్కింది.

కిందికి మాత్రం బస్సులోనే తీసుకొచ్చాను. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి, కొత్తగా బలం పుంజుకునే కండరానికి అదే కష్టం. కొండంతా ఎక్కిన మనిషి తిరుపతి బస్టాండులో బస్సు మెట్లు దిగడానికి "అమ్మా" అనింది.

ఆ తరవాత ఉప్పు వైద్యం వీధంతా పాకింది. ఒకరోజు ఎదురింటి అవ్వ కాలికి ప్యాకెట్ కట్టుకుని కూర్చోనుంది. "నీకు పట్టేసింది భుజం గదా అవ్వా?" అన్నాను.

"మీ అత్తే కట్టుకోమనింది."