గోడ మీద బొమ్మ, గదిలో గొంతు

అమ్మ పాడిన మంగళహారతులు మా ఇంట్లో ఒకే ఒక్క క్యాసెట్‌లో ఉండేవి. అన్నయ్య దాని మీద సినిమా పాటలు ఎక్కించేశాడు. "ఇంట్లో పాడుకునేవేగా, మళ్ళీ పాడించుకుందాంలే" అన్నాడు. ఆ తర్వాత అమ్మ పాడలేదు. అందుకేనేమో, రికార్డింగ్ స్టూడియోల గురించి ఏది చదివినా ముందు ఆడవాళ్ళ పేర్ల కోసం వెతుకుతాను.

బహామాస్ దీవుల్లో, నసావుకి పడమరగా, సముద్రపు ఒడ్డున కంపాస్ పాయింట్ స్టూడియో ఉండేది. ఐలండ్ రికార్డ్స్ స్థాపించిన క్రిస్ బ్లాక్‌వెల్ 1977లో కట్టించాడు. దాని పేరెత్తగానే అందరూ 1980లో అక్కడ తయారైన ఏసీ/డీసీ 'బ్యాక్ ఇన్ బ్లాక్' గురించే చెబుతారు. నాకు మాత్రం అదే ఏడు అక్కడ పాడిన గ్రేస్ జోన్స్ ముఖ్యం. జమైకాలో పుట్టి, మతం కట్టుబాట్ల మధ్య పెరిగి, మోడల్‌గా పేరు తెచ్చుకున్న నల్లజాతి స్త్రీ. స్లై డన్‌బార్, రాబీ షేక్‌స్పియర్, వాలీ బదరూ వంటి వాద్యకారుల్ని బ్లాక్‌వెల్ ఒకచోట చేర్చింది ఆమె కోసమే. స్టూడియో గోడకి ఆమె పెద్ద ఫొటో తగిలించి, సంగీతం ఈ బొమ్మలా ఉండాలన్నాడట. పాడే మనిషి ఉండగా బొమ్మని చూసి వాయించమనడమేమిటని నాకు ఒళ్ళు మండింది.

'నైట్‌క్లబింగ్' (1981) విన్నాక ఆ కోపం కాస్త తికమకపడింది. ఆమె బొమ్మ వెనక దాక్కోలేదు. కింది స్థాయిలో, సగం పాటగా సగం మాటగా, ఎవరినీ మురిపించే పని పెట్టుకోకుండా పాడింది. తీయనిదే ఆడగొంతు అని నేర్చుకున్న నా చెవులకి అది అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది.

ఆ ఏడాదే బేస్ గిటారిస్టు టీనా వేమౌత్ అక్కచెల్లెళ్ళని వెంటబెట్టుకుని అక్కడే టామ్ టామ్ క్లబ్ పాటలు చేసింది.

ఆ స్టూడియో ధ్వనిని తీర్చిదిద్దిన అలెక్స్ సాడ్కిన్ 1987లో ప్రమాదంలో చనిపోయాడు. ఎనభైల చివరికి స్టూడియో కళ తప్పింది. 1992లో దాన్ని మళ్ళీ నిలబెట్టి, 2010లో మూతపడేదాకా నడిపినవాళ్ళు టెరీ మానింగ్, షెరీ మానింగ్. నేను చదివిన ఒకచోట "టెరీ మానింగ్, ఆయన భార్య" అని ఉంది. స్టూడియో నడవాలంటే మీటల ముందు కూర్చుంటే సరిపోదు. ఎవరికి ఏ రోజులివ్వాలో చూడాలి, లెక్కలు రాయాలి, వచ్చినవాళ్ళ తిండీ నిద్రా కనిపెట్టుకోవాలి. ఎవరు చేసినా ఈ పనులకి రికార్డు అట్ట మీద చోటుండదు.

మొన్న పాత ట్రంకు పెట్టెలో ఆ క్యాసెట్ దొరికింది. రెండు సినిమా పాటల మధ్య సందులో అమ్మ దగ్గు, వెంటనే సగం పల్లవి. అంతే మిగిలింది. మా అన్నయ్య కూతురు దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించింది.

"ఫైలుకి 'నానమ్మ' అని పెట్టనా అత్తా?"

ఇంటిపేరుతో సహా అమ్మ పూర్తి పేరు చెప్పి, రాయమన్నాను.