గీతకు ఇవతల

నాయినకు పక్షవాతం వచ్చిన నాలుగో నెలలో ఇంట్లో ఒక చెక్క అవసరమైంది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ప్లైవుడ్. ముందంచున, కూర్చున్న మనిషి పొట్ట ఇమిడేట్టు నెలవంకలా ఒక కోత. దాన్ని కుర్చీ చేతుల మీద బిగిస్తే కుడి మోచేయి జారకుండా ఆనుకుంటుంది, కంచం దగ్గరికొస్తుంది. చేతికి ఆధారం దొరికితే తన ముద్ద తనే తినొచ్చన్నారు ఫిజియోథెరపీ మేడం.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్. అక్కణ్ణుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల వెంబడి అడుగుతూ పోయాను. కార్పెంటర్లంతా ఫ్లాట్ల ఇంటీరియర్ పనుల్లో ఉన్నారు. "ఒక్క కోత కోసం మిషన్ పట్టుకొని ఎవరొస్తరు సార్?" అన్నాడొకతను. నిజమే. ఎల్బీనగర్‌లో ప్లైవుడ్ ముక్కతో పాటు ఒక జిగ్‌సా కూడా కొని ఆటోలో ఇంటికొచ్చాను.

జిగ్‌సా అంటే చేత్తో పట్టి నడిపే చిన్న కరెంటు రంపం. సన్నటి బ్లేడు పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి వంపులు కోయగలదు. 1946లో స్విట్జర్లాండ్‌లో, సింటిల్లా అనే కంపెనీలో పనిచేసే ఆల్బర్ట్ కాఫ్‌మన్, తన భార్య కుట్టుమిషన్‌కున్న సూది తీసేసి దాని చోట రంపపు బ్లేడు బిగించి చూశాడట. మరుసటేడు అది 'లెస్టో' పేరుతో అమ్మకానికి వచ్చింది. ఈ సంగతి చెబితే, ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టిన మా అమ్మ, "అయితే జోరు చెయ్యకు బిడ్డా. బట్టను గుంజితే సూది ఒంగుతది" అంది.

నేను వినలేదు. బాల్కనీలో పడున్న పాత తలుపు చెక్క మీద ముందుగా కోసి చూశాను. ఒకటిన్నర అంగుళం మందం. బలంగా తోశాను. పైనుంచి చూస్తే పెన్సిల్ గీత మీదే నడిచింది. తిరగేస్తే, కింది వైపు కోత పావంగుళం పక్కకు పోయింది. బ్లేడుకు పైన మాత్రమే పట్టు ఉంటుంది, కింది కొసను పట్టుకునేది ఏదీ లేదు. తోసేకొద్దీ ఆ కొస తనకు తేలికైన దారికి ఒంగుతుంది. పైనుంచి చూసేవాడికి ఏమీ తెలియదు. రెండోసారి సన్‌మైకా అంటించిన ముక్క కోస్తే అంచు పొడుగునా పెచ్చులు లేచాయి.

మా వీధి చివర తలుపులు చేసే పెద్ద మేస్త్రి ఉన్నాడు. ఆ ముక్కలు రెండూ తీసుకుపోయి చూపించాను. మొదటిదాన్ని తిప్పి చూసి, "నూకినవ్" అన్నాడు. రెండోది చూసి బ్లేడు పళ్ళ మీద వేలు పెట్టాడు. "ఇవి ఎటు చూస్తున్నయ్? మీదికి. మీదికి పోయేటప్పుడే కోస్తది. అందుకే పెచ్చులు మీద లేస్తయ్. మంచి మొహం కిందికి పెట్టి కొయ్యాలె." సాయంత్రం తనే ఇంటికొచ్చాడు. సన్నపళ్ళ బ్లేడు వేయించాడు. బ్లేడును ముందుకు ఊపే మీటను సున్నాకు తిప్పాడు. కింది ప్లేటు చెక్కకు గట్టిగా అదిమి పట్టమన్నాడు. గీత మీద కాదు, పారేసే ముక్క వైపు వెంట్రుకవాసి వదిలి కోయమన్నాడు. మిగిలింది శాండ్‌పేపర్ చూసుకుంటుంది. "తక్కువ కోస్తే మళ్ళ కోయొచ్చు తమ్మీ. ఎక్కువ కోస్తే ఏం జేస్తవ్?"

నాయిన కుర్చీలో కూర్చుని అంతా వింటున్నాడు.

అప్పటికి నెల రోజులుగా నేను చేస్తున్నదేమిటో అప్పుడు తట్టింది. ఆఫీసు టైమవుతుందని పొద్దున్నే ఆయన మణికట్టు పట్టుకుని ముద్దను నోటి దాకా లేపేవాణ్ణి. ఆయన పెదవులు బిగించేవాడు. మొండితనం అనుకున్నాను. ఒకరోజు విసుక్కున్నాను కూడా.

ఆదివారం ఆయన పొట్టకు అట్ట ఆనించి వంపు గీశాను. కుర్చీ కదిలినా ఒరుసుకోకుండా వేలెడు సందు వదిలాను. అట్టను కత్తిరించి, మంచి మొహం కింద పెట్టిన ప్లైవుడ్ మీద ఆ వంపు దించాను. పారేసే భాగంలో ముందే అంచు నుంచి గీత దాకా నాలుగు నిలువు కోతలు పెట్టాను. దాంతో వంపు వెంట పోతుంటే ముక్కలు వాటంతటవే రాలిపోతాయి, బ్లేడు ఇరుక్కోదు. చెక్కను బల్లకు బిగించి, కళ్ళద్దాలు పెట్టుకుని మొదలుపెట్టాను. మిషన్ వేగంగా, చెయ్యి నెమ్మదిగా. బ్లేడు తిన్నంతే ముందుకు. అడుగున్నర వంపుకు ఇరవై నిమిషాలు పట్టింది.

శాండ్‌పేపర్ పట్టి, కుర్చీకి అమర్చాను. నాయిన ఎడమ బొటనవేలితో అంచు అడుగు భాగాన్ని తడుముకుంటూ వచ్చి ఒకచోట ఆగాడు.

"ఈడ... నూకినవ్" అన్నాడు. మాట ఇంకా ముద్దగానే వస్తోంది.

చూస్తే నిజమే. చివర్లో తొందరపడ్డచోట కోత కాస్త ఏటవాలుగా ఉంది.

అమ్మ పప్పన్నం కలిపి కంచం ఆ చెక్క మీద పెట్టింది. మోచేయి ఆనింది. మొదటి ముద్ద సగంలో జారింది. రెండోది గడ్డానికి తగిలింది. మూడోది లోపలికి పోయింది. తినడానికి ముప్పావు గంట పట్టింది. సగం చెక్క మీదే పడింది. నేను చెయ్యి పెట్టలేదు.