వట్టి మనిషిని కాను

కడుపుతో ఉన్న ఆడదాన్ని గురించి చెప్పడానికి తెలుగులో ఎన్ని మాటలున్నాయో చూశారూ! నెల తప్పింది, నీళ్ళోసుకుంది, చూలాలు, నిండుమనిషి. ఇవన్నీ ఒక ఎత్తు, "వట్టి మనిషివి కావు" అనే మాట ఒక్కటీ ఒక ఎత్తు. ఇన్నేళ్ళుగా తెలుగు పాఠాలు చెప్పుకుని బతుకుతున్నదాన్ని గనుక ఎవరేమన్నా అర్థంతో ఊరుకోను, మాటను కూడా తిరగేసి చూస్తాను. వట్టి అంటే ఖాళీ అని, ఉత్త అని అర్థాలు. పాలివ్వడం మానేసిన గేదెను వట్టిపోయిందంటాం. అంటే కడుపు పండేదాకా ఆడది ఉత్త మనిషన్నమాట. పండిన తరువాత అసలు మనిషే కాదు, జాగ్రత్తగా మోసుకుపోవలసిన జాడీ. ఊరగాయ జాడీని కూడా అప్పుడప్పుడు ఎండలో పెడతారు గాని, ఈ జాడీకి ఆ భాగ్యం లేదు.

2009 వేసవిలో నాకు ఎనిమిదో నెల. ఆ మాట నాతో అననివారు లేరు. మెట్టు ఎక్కబోతే అత్తగారు అన్నారు. కుర్చీ జరపబోతే మావారు అన్నారు. నల్లబల్ల మీద పై వరసన రాయబోతే కాలేజీలో పిల్లలన్నారు. కూరలబండి అబ్బాయి సైతం సంచీ నా చేతికివ్వకుండా గుమ్మందాకా తెచ్చి, "మీరు వట్టి మనిషి కాదు గదండీ" అన్నాడు.

వాళ్ళననడానికి లేదు. అంతకు రెండేళ్ళ ముందు, 2007లో, అయిదో నెలలో ఒకసారి పోయింది. ఆ సంగతి ఇక్కడ ఇంతకంటే రాయను. దానితో అందరికీ భయం పట్టుకుంది. అందరికంటే నాకు ఎక్కువ పట్టుకుంది.

ఏడో నెలలో శ్రీమంతం చేసి, చలిమిడి పెట్టి, విశాఖపట్నం నుంచి నన్ను రాజమండ్రి పుట్టింటికి తీసుకువచ్చారు. (2015లో దాని పేరు రాజమహేంద్రవరమని మార్చారు. పుట్టిన ఊరిని నన్ను పాత పేరుతోనే పిలవనివ్వండి.) మా ఇల్లు దానవాయిపేటలో. మంచం, ఫాను, మజ్జిగ, మళ్ళీ మంచం. అమ్మ తలగడ పక్కన పోతన భాగవతం పెట్టింది. తల్లి లీలావతి కడుపులో ఉండగానే ప్రహ్లాదుడు నారదుడి బోధ విన్నాడు గదా, మనవాడూ వింటాడని ఆవిడ ఆశ. నేను చదివేదాన్ని గాని, మనసు పద్యం మీద ఉండేది కాదు. లెక్క మీద ఉండేది.

ఏం లెక్కంటారా? బిడ్డ కదలికలు రోజుకు పదైనా ఉన్నాయో లేదో చూసుకోమన్నారు మా డాక్టరమ్మ. నేనొక నోటుబుక్కు పెట్టి నిలువుగీతలు గీసేదాన్ని. పది గీతలు పూర్తయేదాకా ఇవాళ్టి భయం, పూర్తయాక రేపటి భయం. ఎవరైనా చూస్తే చాకలిపద్దు అనుకునేవారు. నాకూ ఆ బిడ్డకూ ఉన్న పరిచయమల్లా ఆ పద్దే. కడుపు మీద చెయ్యి వేసి ఒక్కమాట మాట్లాడినదాన్ని కాను. మాట్లాడితే మొదటిసారిలాగే వినేవాళ్ళు లేకుండా పోతారేమోనని.

ఇలా ఉండగా మే నెల మూడో వారంలో కాకినాడలో మా మేనమామ కూతురి పెళ్ళి వచ్చింది. అమ్మా నాన్నా వెళ్ళితీరాలి. ఎనిమిదో నెలలో ప్రయాణం కూడదు గనుక నేను వెళ్ళరాదు. పొద్దున్నే వెళ్ళి రాత్రికి వచ్చేస్తామని, నన్ను పక్కవాటా పిన్నిగారికి అప్పజెప్పి వెళ్ళారు. వాళ్ళ రిక్షా సందు మలుపు తిరిగిందో లేదో, ఎనిమిది నెలల్లో మొట్టమొదటిసారిగా నా చుట్టూ ఎవరూ లేరని తెలిసింది. నేను మాత్రం రెండు రోజుల ముందే డాక్టరమ్మను రహస్యంగా అడిగి ఉంచుకున్నాను, ఒక పగలు ఒంటరిగా ఊళ్ళో తిరిగి రావచ్చునా అని.

ఆవిడ నవ్వారు. "నడిపొద్దున ఎండలో ఉండకు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగు. నొప్పులు వచ్చినా, తల తిరిగినా, బిడ్డ కదలిక తగ్గినా తిన్నగా నా దగ్గరికి రా. నిన్ను మంచానికి కట్టేసే కారణం నాకేమీ కనబడటం లేదు" అన్నారు. ఆవిడ చెబితేనే తెలిసింది, నెలలు నిండేసరికి తల్లి ఒంట్లో రక్తం ఇంచుమించు సగంపాలు పెరుగుతుందట. లోపలి బిడ్డ తల్లికంటే అర డిగ్రీ వెచ్చగా ఉంటుందట. ఆ వేడి కూడా తల్లి చర్మమే బయటికి పంపాలి. అందుకే అందరికీ ఉక్కపోస్తే చూలాలికి ఉడికిపోతుంది. ఒంట్లో నీళ్ళు తగ్గితే అకాలంగా నొప్పులూ రావచ్చు. ఇదేమీ తేలికగా తీసుకోవలసిన సంగతి కాదు. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్ర, తెలంగాణాల్లో వెయ్యిమందికి పైగా పోయారు. కాబట్టి నా కథ చదివి ఎవరూ మిట్టమధ్యాహ్నం చెప్పులేసుకోకండి. డాక్టరును అడిగి మరీ వెయ్యండి.

పిన్నిగారితో "గ్రంథాలయానికి వెళ్ళొస్తానండీ" అన్నాను. అబద్ధం కాదు. ముందు వెళ్ళింది అక్కడికే. ఎప్పుడొస్తానన్నది ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు. పల్చటి నేత చీర, గొడుగు, రెండు సీసాల నీళ్ళు, ఆస్పత్రి కార్డు, సెల్‌ఫోను. నోటుబుక్కు కూడా.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. మగవాళ్ళు ఊరు చూడబోతే గుడి ఎక్కడ, హోటలు ఎక్కడ అని చూసుకుంటారు. ఎనిమిదో నెల మనిషి బాత్‌రూము ఎక్కడ అని చూసుకుంటుంది. అరగంటకొకసారి అవసరం. డాక్టరమ్మ నీళ్ళు తాగమంటారు, ఊరు మాత్రం తాగిన నీళ్ళకు దారి చూపించదు. అందుకే మన ఆడవాళ్ళు బయలుదేరేముందు గొంతు తడుపుకోవడం కూడా మానేస్తారు. అంత ఎండలో అది ఎంత ప్రమాదమో చెప్పేవాళ్ళు లేరు. ఆ రోజు నా దారిని గీసింది కోరికలు కావు, బాత్‌రూములు. గ్రంథాలయం, సినిమాహాలు, చిన్ననాటి స్నేహితురాలి ఇల్లు, ఇవి మూడూ నా మజిలీలు.

గౌతమీ గ్రంథాలయంలో పాత పుస్తకాల వాసన ఎండాకాలంలో ఇంకా బాగుంటుంది. నేను ఎమ్మే చదివే రోజుల్లో సెలవులన్నీ అక్కడే గడిపాను. ఒక మూల ఫాను కింద కూర్చుని, ఏ పరీక్షకూ అక్కరలేని పాత పత్రికల సంపుటం ఒకటి తిరగేశాను. పక్కన పెద్దాయనలు వార్తాపత్రికలు పంచుకుని, అప్పుడే వచ్చిన ఎన్నికల ఫలితాల మీద గుసగుసగా పోట్లాడుకుంటున్నారు. నన్నెవరూ పట్టించుకోలేదు. ఎంత హాయనుకున్నారు! ఒక గంటసేపు నేను పాఠకురాలిని, అంతే.

బయటికి వచ్చేసరికి ఎండ ముదిరింది. రోళ్ళు పగిలే రోహిణి ఇంకా రాలేదు గాని, కృత్తిక కార్తె తానేమీ తీసిపోనంటోంది. ఆటోలో మెయిన్‌రోడ్డుకు వెళ్ళి రోజ్‌మిల్కు తాగాను. రాజమండ్రిలో పుట్టి రోజ్‌మిల్కు గురించి రాయకుండా వదిలేస్తే మా ఊరివాళ్ళు క్షమించరు. చల్లటి గ్లాసు ముందు చెంపకు ఆనించుకుని, తరువాత తాగాను. పక్కనే నీడలో ఒకావిడ తాటిముంజలు అమ్ముతోంది. డజను ముప్ఫై అంది. పాతిక చెయ్యమన్నాను. నన్ను ఎగాదిగా చూసి, "కడుపుతో ఉన్నావని ధర తగ్గించనమ్మా. రెండు ఎక్కువేస్తా, కావాలంటే" అంది. ఎనిమిది నెలల్లో నాతో అంత తిన్నగా బేరం చేసిన మనిషి ఆవిడే. నీడలోకి జరిగి, పీట మీద కూర్చుని, బొటనవేలితో పొడిచి పొడిచి ముంజలు తిన్నాను. నీళ్ళు చీర మీద కారితే కారాయి.

పదకొండున్నర అయింది. డాక్టరమ్మ చెప్పిన నడిపొద్దు దగ్గరికి వచ్చేసింది. స్నేహితురాలింటికి వెళ్ళి పెరుగన్నం తిని, కాసేపు నడుం వాల్చి, మ్యాటినీకి ఏసీ సినిమాహాలు చేరాను. అంతకుముందు నేను ఒంటరిగా సినిమాకు వెళ్ళినది లేదు. టికెట్టు చించే ముసలాయన నా వెనక ఎవరైనా వస్తున్నారేమోనని తొంగి చూశాడు.

"తోడెవరూ లేరామ్మా?"

"లోపల ఉన్నారండీ" అన్నాను.

ఆయన సమాధానపడి, టార్చి వేసి, చివరి కుర్చీ దాకా దిగబెట్టి వెళ్ళాడు.

ఆ వారం ఆడుతున్న సినిమా పేరు కిక్. నేను ఏరుకున్నది కాదు, మే 8న విడుదలైన రవితేజ చిత్రం, ఊరంతా అదే. కిక్కు కోసం ఏదైనా చేసే కథానాయకుడు. పాట మొదలయ్యేసరికి హాలంతా ఈలలు. వాటితోపాటు నా పక్కటెముకల కింద ఒక్క తన్ను. మళ్ళీ ఒకటి. డప్పు మోగినప్పుడల్లా ఒకటి. ఏడో నెలకల్లా లోపలి బిడ్డకు వినిపిస్తుందని చదివాను గాని, ఇంత రసికత ఉంటుందని ఎవరూ రాయలేదు. రెండు నెలలు భాగవతం చదివితే కిమ్మనని ప్రాణి, తెర మీద రవితేజ గంతులేస్తే చిందులు తొక్కుతోంది. అలవాటుకొద్దీ సంచీలోంచి నోటుబుక్కు తీశాను. చీకట్లో గీతలు గీశాను. ఆరు, ఏడు, ఎనిమిది. పన్నెండు దగ్గర నవ్వొచ్చింది. పకపకా నవ్వాను. తెర మీద హాస్యసన్నివేశమేమీ కాదు, పక్క కుర్చీలోని అమ్మాయి వింతగా చూసింది. లెక్క తప్పింది. మళ్ళీ మొదలుపెట్టలేదు.

అయిదు దాటాక పుష్కరాలరేవుకు చేరాను. మే నెలలో కూడా రాజమండ్రి రేవులో మెట్లను అంటుకుని నీళ్ళుంటాయి. దిగువన ధవళేశ్వరంలో అడ్డం ఉండబట్టి అక్కడి నీళ్ళు ఇక్కడిదాకా నిలబడతాయి. 1852 నాటికి కాటన్ దొర ఆనకట్ట పూర్తిచేశాడు, తరువాత దాని స్థానంలో బ్యారేజీ వచ్చింది. మెట్లు ఇంకా కాలుతూనే ఉన్నాయి. గొడుగు నీడ వెంట ఒక్కొక్కటే దిగి, ఆఖరి మెట్టు మీద కూర్చుని, బూరెల్లా ఉబ్బిన పాదాలు రెండూ గోదావరిలో పెట్టాను.

ఆ సుఖాన్ని ఏమని రాయను? కడుపు పండటాన్ని నీళ్ళోసుకోవడమన్నారు, కనడాన్ని నీళ్ళాడటమన్నారు. నడుమనున్న తొమ్మిది నెలలకూ నీళ్ళ మాట ఎందుకు పెట్టలేదో మనవాళ్ళు. పైన నడుం నొప్పి, కింద చల్లటి ప్రవాహం, మధ్యలో తన ఉమ్మనీటిలో తానుగా ఈదుకుంటున్న ఆ మనిషి. కడుపుతో ఉన్నవాళ్ళు ఏరు దాటకూడదంటారు. దాటలేదు, కాళ్ళు తడుపుకున్నానంతే.

ఎడమవైపు పాత హేవలాక్ వంతెన. 1900 నుంచి 1997 దాకా దానిమీద రైళ్ళు నడిచాయి. నా చిన్నప్పుడు దాటేటప్పుడు నాన్న చేతిలో పెట్టిన పదిపైసలు కిటికీలోంచి నీళ్ళలోకి విసిరేదాన్ని, అది కమ్మీకి తగిలి ఖంగుమంటే దిగులుపడేదాన్ని. ఇప్పుడు రైళ్ళకు వేరే వంతెనలు. ఒక రైలు కొవ్వూరు వైపు నుంచి విల్లుల్లాంటి కమానుల మధ్యగా వస్తోంది.

"అది కొవ్వూరు" అన్నాను పైకే. "ఇది రాజమండ్రి. అమ్మమ్మ వాళ్ళ ఊరు. ఆ పాత వంతెన మీద నీకు రైలెక్కే వీలు లేదు, నువ్వు కాస్త ఆలస్యంగా వస్తున్నావు." మెట్ల మీద బట్టలారేస్తున్న ఆవిడ నావైపు చూసి, చుట్టూ చూసి, మళ్ళీ పనిలో పడింది. నేను మాత్రం ఆగలేదు. రోజ్‌మిల్కు గురించి చెప్పాను, టికెట్టు ముసలాయన గురించి చెప్పాను. చాలా సేపటికి, చాలా నెమ్మదిగా, అంతకుముందొకరు ఉండేవారని కూడా చెప్పాను. పొద్దు కొవ్వూరు వైపు వాలేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

నేను ఇల్లు చేరేసరికి పిన్నిగారు టీవీ సీరియలులో ఉన్నారు. అమ్మ రాత్రి తొమ్మిదిన్నరకు పెళ్ళి లడ్డూలతో దిగింది. "రోజంతా ఏం చేశావే?" అంది. "చదువుకున్నానమ్మా" అన్నాను. "ముఖం తేటగా ఉంది, బాగా నిద్రపోయినట్టున్నావు" అని సంతోషించింది.

జూన్ నెలలో అమ్మాయి పుట్టింది. ఇప్పుడు ఇంటరు చదువుతోంది. పద్యం వినమంటే ఆవులిస్తుంది, డప్పు వినబడితే వీధిలోకి పరుగెడుతుంది. ఆ రోజు సంగతి దానికి ఎప్పుడో చెప్పేశాను. అమ్మకు మాత్రం చెప్పలేదు. అమ్మ ఈ పత్రికను సీరియలుతో మొదలుపెట్టి వంటల పేజీ దాకా ఒక్క అక్షరం వదలకుండా చదువుతుంది. గురువారానికల్లా ఫోను వస్తుంది.